దేవకి అసూయపడిన వారం

ఆరేడేళ్ల కిందట, ఆషాఢమాసం మొదట్లో, నన్ను మా దినపత్రిక సికింద్రాబాద్ జోన్ పేజీల నుంచి భక్తి పేజీకి మార్చారు. అప్పటికి నేను చీఫ్ సబ్‌ఎడిటర్‌ని. రిపోర్టర్లు తెచ్చిన వార్తను సరిదిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో కూర్చేవారిని సబ్‌ఎడిటర్ అంటారు. అలాంటివాళ్లు కొందరి మీద పెత్తనం చీఫ్ సబ్‌ది. భక్తి పేజీలో పెత్తనం చెయ్యడానికి నా కింద ఎవరూ లేరు. రిటైర్మెంటు దగ్గరపడినవాళ్లను అలాంటి చోట కూర్చోబెట్టడం మా ఆఫీసులో మామూలే.

జోన్ పేజీలో ఉన్నన్నాళ్లూ మెట్టుగూడలో నల్లా రాని వీధులు, బోయిన్‌పల్లి మార్కెట్ ముందు ఆగిపోయిన లారీలు, వానకు తేలిన గుంతలు నా పని. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి తిట్టేవారు. తిట్టేవారికి నా పేరు తెలియదు. తెలియాలని నేనూ అనుకోలేదు. డెస్క్ మీద పనిచేసేవాళ్లకు పేపర్లో పేరుండదు. ఉద్యోగంలో చేరిన రోజున ఒప్పుకున్న షరతు అది. దాని గురించి ఎప్పుడూ బాధపడిన గుర్తు లేదు. భక్తి పేజీకి వచ్చాకే ఆ బాధ మొదలైంది.

అందుకు కారణం రామానుజయ్యగారు. కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన మనిషి. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక ప్రవచనాలు మొదలుపెట్టారు. రెజిమెంటల్ బజార్ దగ్గర ఒక కల్యాణమండపంలో ప్రతి శనివారం సాయంత్రం ఆయన చెబుతుంటే వినడానికి చోటు దొరికేది కాదు. మా భక్తి పేజీలో, ఎడమవైపు, స్టాంపు సైజు ఫొటోతో ఆయన కాలమ్ వచ్చేది. ఆ ఏడు కృష్ణాష్టమి దాకా కృష్ణుడి పుట్టుక, పసితనం మీద 'రేపల్లె కబుర్లు' అని ప్రతి శుక్రవారం వరుసగా వేద్దామని మా ఫీచర్స్ ఇన్‌చార్జ్ ప్రభాకర్ నిర్ణయించాడు. నా మొదటి పని అదే.

ఇలాంటి కాలమ్‌లు ఎలా తయారవుతాయో బయటివారికి తెలియదు కాబట్టి చెప్పాలి. ప్రవచనం చెప్పేవారిలో రాసే తీరిక ఉన్నవారు తక్కువ. రామానుజయ్యగారు పొద్దున నడుస్తూ ఫోన్‌లో మాట్లాడి, ఆ రికార్డింగును నాకు పంపేవారు. అందులో పూతన కథతో పాటు పాలవ్యాను హారను, పలకరించినవారికి జవాబు, మోకాలి నొప్పి కూడా ఉండేవి. నేను అది విని, కావలసింది ఏరుకుని, లేనిది చేర్చి, పేజీకి సరిపడా వ్యాసం రాసేదాన్ని. పేజీ తయారయ్యాక ఆయనకు చూపించడం నియమం. ఆయన నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చేది. చదివారో లేదో తెలిసేది కాదు. డెస్క్‌లో దీన్ని 'అయ్యగారి కాలమ్ చెయ్యడం' అనేవాళ్లం. రాసేదాన్ని నేనే అయినా, రాయడం అన్న మాట ఎవరూ వాడేవారు కాదు.

రెండో వారానికే ఉత్తరాలు మొదలయ్యాయి. మెయిళ్లు సరే, ఇన్‌లాండ్ కవర్లు కూడా వచ్చేవి. అన్నీ నా బల్ల మీదకే. 'ఆచార్యా, ఇంత సుకుమారంగా ఎలా రాయగలుగుతున్నారు' అని ఒకరు. మన్ను తిన్న నోట్లో బ్రహ్మాండం చూసి భయపడ్డ యశోద మరుక్షణం దాన్ని మరిచిపోయి మూతి తుడిచింది చూశారా, ఆ మూతి తుడవడం దగ్గర పేపరు మడిచి పక్కన పెట్టానని ఇంకొకరు. రికార్డింగులో మూతి తుడవడం లేదు. అది నాది. ఉత్తరాలను కట్టగా కట్టి రామానుజయ్యగారికి పంపించేదాన్ని. పంపే ముందు ప్రతి ఉత్తరంలోనూ మెచ్చుకున్న వాక్యం ఎవరిదో చూసుకునేదాన్ని. ఆయన వాక్యాన్ని మెచ్చుకున్న ఉత్తరం కనిపిస్తే మనసుకు కొంత హాయిగా ఉండేది. కనిపించడం అరుదు.

ఇదంతా ఓర్చుకోగలిగిందే. ఓర్చుకోలేనిది మరొకటి జరిగింది. శ్రావణం మొదటి శనివారం నాడు ప్రవచనానికి ఫొటో, నాలుగు ముక్కల వార్త కావాలంటే నేనే వెళ్లాను. ఆ రోజు ఆయన కృష్ణుణ్ణి రోటికి కట్టిన ఘట్టం చెబుతున్నారు. ఎన్ని తాళ్లు ముడివేసినా రెండు వేళ్లు తక్కువయ్యే తాడు. ఆ ముందు రోజు కాలమ్‌లో నేను, 'తాడు పొట్టిది కాదు, అమ్మ ఇంకా అలసిపోలేదు' అని రాశాను. ఆయన ఆ వాక్యాన్ని అలాగే అందుకున్నారు. అంటే కాలమ్ చదువుతున్నారన్నమాట. "తాడు పొట్టిది కాదమ్మా" అని ఆగారు. మండపంలో ఫ్యాన్ల చప్పుడు వినిపించేంతసేపు ఆగారు. తర్వాత గొంతు బాగా తగ్గించి, మిగతా సగం చెప్పారు. నా ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నేను అక్కడ కామా పెట్టాను. నాకు పెట్టడానికి ఉన్నది కామానే. ఆ నిశ్శబ్దానికి అచ్చులో గుర్తు లేదు. నా మాట ఆయన నోట్లో నా కాగితం మీద కంటే పెద్దదైంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా వాక్యం చదివి ఒకరు కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. చూసి సంతోషం కలగలేదు. ఇంటికి వెళ్లే ఆటోలో ఆయన మోకాలి నొప్పి గురించి కూడా జాలి లేకుండా ఆలోచించాను.

కృష్ణాష్టమి ఆ ఏడు సోమవారం వచ్చింది. దానికి ముందటి శుక్రవారం పేజీకి ఆయన పంపిన రికార్డింగు చాలా చిన్నది. వేరే ఊరి ప్రయాణంలో ఉన్నారు. "ఈ వారం దేవకీదేవి గురించి ఓ రెండు మాటలు, మీరే చూడండమ్మా" అన్నారు. ఆ 'మీరే చూడండమ్మా' నాకు గుచ్చుకుంది. సరే, చూస్తాననుకున్నాను. ఆ వారం ఏరుకోవడానికి ఆయన మాటలు లేవు కాబట్టి నాకు బాగా తెలిసినదాని గురించే రాశాను.

దేవకి బిడ్డను కన్నది చెరసాలలో. పుట్టిన క్షణంలో ఆమెకు కనిపించింది పసివాడు కాదు, నాలుగు చేతులతో శంఖచక్రాలు పట్టిన దేవుడు. ఆ రూపం దాచుకో నాయనా అని ఆమే వేడుకుంది. దాచుకుని పసివాడయ్యాడు. అయిన వెంటనే వసుదేవుడు ఎత్తుకుపోయాడు. దేవకికి దేవుడు దక్కాడు గానీ పిల్లవాడు దక్కలేదు. అవతల రేపల్లెలో యశోదకు, తనకు పుట్టింది ఆడో మగో కూడా పురుటి నిద్రలో తెలియదు. ఆమెకు బోర్లాపడటం, పాకడం, మన్ను తినడం, వెన్న దొంగిలించడం అన్నీ దక్కాయి. కంసుడు పోయి చెర వీడాక, మధురలో దేవకి కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని వెన్నముద్ద పెట్టబోయి ఉంటుంది. వాడికి వెన్న ఇష్టమని లోకమంతా ఆమెకు చెప్పింది. ఎంత పెడితే చాలంటాడో, ఎలా మారాం చేస్తాడో చెప్పలేదు. అది రేపల్లెలో ఒకామెకు మాత్రమే తెలుసు. అప్పుడు దేవకికి కలిగింది భక్తి కాదు, కడుపులో మంట. కృష్ణుడు పుట్టిన రాత్రి చెరసాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. ఈ మంటకు అలాంటి తలుపు ఎక్కడా లేదు.

అక్కడ ముగించాను. పేజీ ఆయనకు పంపాను. జోడించిన రెండు చేతులూ వచ్చాయి.

శుక్రవారం ఆఫీసుకు వెళ్లేసరికి ప్రభాకర్ నా కుర్చీ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మేడం, దేవకీదేవికి జెలసీ ఏందండీ? పొద్దున్నుంచి ఒక్కటే ఫోన్లు. ఆయన ఇదివరకెప్పుడూ ఇట్ల రాయలేదంటున్నరు."

ఇదివరకు కూడా ఆయన రాయలేదని చెప్పబోయి ఊరుకున్నాను. జోన్ పేజీ వదిలాక మళ్లీ ఇన్నాళ్లకు తిట్లు రావడం, నిజం చెప్పాలంటే, నచ్చింది. అవి కూడా ఆయన పేరు మీదే వస్తున్నాయని కాసేపటికి గుర్తొచ్చింది.

మధ్యాహ్నం రిసెప్షన్ నుంచి కబురు వచ్చింది, ఎవరో కాలమ్ రాసిన అయ్యగారి కోసం వచ్చారని. కాలమిస్టుల ఫోన్ నంబరు గానీ చిరునామా గానీ పాఠకులకు ఇవ్వకూడదు. ఆ ముక్క చెప్పి పంపేద్దామని కిందికి దిగాను. ముప్పై దాటిన మనిషి, చేతిసంచీలో మా పేపరు. పేరు రేణుక. బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఆమె భర్తకు కూరగాయల కమీషన్ దుకాణం ఉంది, తెల్లవారుజామున లోడు దిగేటప్పుడు లెక్క చూసుకునేది ఆమే. నేను నియమం చెప్పాను. ఆమె కదల్లేదు.

"ఆయన నంబర్ ఇయ్యకున్న మంచిదే మేడం. ఒక్క మాట అడగాలె. జెర మీరే అడిగి చెప్పున్రి."

క్యాంటీన్‌కు తీసుకెళ్లి టీ చెప్పాను. టీ చల్లారిపోయింది గానీ ఆమె తాగలేదు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు.

ఆమెకు ఇద్దరు కొడుకులు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, పిల్లలు లేని సొంత అక్క సరళ అడిగింది, పుట్టేవాళ్లను నాకిస్తావా అని. సరళ వాళ్లది రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు. రేణుక సరేనంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచే సరళ ఎత్తుకుని వెళ్లింది. ఆ పిల్లకు ఇప్పుడు ఐదేళ్లు, ఇంట్లో చిన్ను అని పిలుస్తారు. రేణుకను పిన్ని అంటుంది.

కృష్ణాష్టమి నాడు అందరూ వాకిట్లోంచి దేవుడి గదిదాకా బియ్యప్పిండితో చిన్ని పాదాలు వేస్తారు. పిడికిలి పక్కభాగంతో అద్ది, వేలికొసతో కాలివేళ్లు పెట్టడం మామూలు పద్ధతి. సరళ అత్తవారింట్లో అలా కాదు. నీళ్లలో కలిపిన పిండిలో ఇంటి పిల్ల పాదాలే ముంచి, గడప మీద నుంచి లోపలికి నడిపిస్తారు. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు గడప దగ్గర పిల్లను దించాలి, ఒకరు దేవుడి ముందు కూర్చుని పేరు పెట్టి పిలవాలి. గడప దగ్గర రేణుక ఉండాలని సరళ ఏటా అడుగుతుంది. రేణుక ఏటా మార్కెట్ పని ఉందని తప్పించుకుంటుంది. ఈ ఏడు సరళ పంతం పట్టింది. నువ్వు రాకపోతే మా ఇంట్లో పాదాలే పెట్టం అంది.

"పోవచ్చు కదమ్మా" అన్నాను.

"ఎట్ల పోవాలె అక్కా?" మేడం కాస్తా అక్క అయింది. "దానికి జడేసేది ఆమె. దానికి జరమొస్తే ఆమెకు ముందుగల్ల తెలుస్తది. మొన్న పాయసం పెట్టబోయిన, యాలక్కాయ వేస్తే అది తినదే అని మా అక్క గిన్నె పక్కకు జరిపింది. నేను కన్నదానికి ఏం ఇష్టమో నాకు ఇంకొకరు చెప్పాలె. మండదా? మస్తు మండుతది. ఆ మంటతోని నేను గడప కాడ నిలవడి దాన్ని చూస్తే, నా కన్ను తగులదా? అందరి దిష్టి కంటే కన్నతల్లి దిష్టి పెద్దదంటరు. అందుకే పోతలేను. మా అక్కేమో నాకు పొగరంటది."

సంచీలోంచి పేపరు తీసి బల్ల మీద పరిచింది. "దేవకమ్మకు సుత మండిందని ఈ అయ్యగారు రాసిండు. ఇన్నేండ్లకు ఒక్కడన్న రాసిండు. మరి ఆ మంట ఆ పిల్లగానికి తగిలిందా, లేదా? అది రాయలే. అది తెలిస్తే, సోమవారం పోవాల్నో వద్దో నాకు తెలుస్తది."

నేను రాసింది అంతవరకే. ఆమె చూపిస్తున్న పేరు ఆయనది. ఆ పేరు వెనక నేనున్నానని ఒక మాట అంటే చాలు, జీవితంలో మొదటిసారి ఒక పాఠకురాలు నన్ను చూసేది. అనలేదు. అంటే తర్వాతి ప్రశ్న నాకే వస్తుంది.

రేపు సాయంత్రం ప్రవచనం ఉంది, నువ్వే వచ్చి ఆయన్నే అడుగు అని మండపం గుర్తులు చెప్పాను. అలా చెప్పడంలో ఆమె మేలు కొంత ఉంది. మిగతాది నా కోరిక. నా మాటలు అరువు తెచ్చుకునే మనిషిని, ఇంకా ఎవరూ రాసిపెట్టని ప్రశ్న ఎదుట నిలబెట్టి చూడాలని.

సాయంత్రం రామానుజయ్యగారి ఫోన్ వచ్చింది.

"అమ్మా, ఇప్పుడే రైలు దిగి చదివాను. ఎవరు రాశారమ్మా ఇది?"

"మీ పేరే ఉందండీ" అన్నాను.

"అది నాకూ కనబడుతోందిలెండి" అన్నారాయన. తర్వాత, "రేపు మండపంలో నన్ను నిలేస్తారు" అన్నారు. తిట్టలేదు. రేణుక సంగతి నేను చెప్పలేదు.

శనివారం నేను వెనక వరసలో కూర్చున్నాను. రేణుక ఆడవాళ్ల వైపు, స్తంభం పక్కన. రామానుజయ్యగారు అనుకున్నట్టే, ప్రార్థన అవగానే రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డారు. ప్రతి వారం ఈయన ముందు వరసలోనే కూర్చుంటారు. దేవకీదేవి అంతటి తల్లికి అసూయ అంటగట్టడం ఏ పురాణంలో ఉందో చెప్పాలన్నారు. నాలుగైదు గొంతులు అవునన్నాయి.

ఇప్పుడు రామానుజయ్యగారు ఏమంటారా అని చూశాను. డెస్క్ వాళ్లు రాశారని చెప్పవచ్చు. అది నిజం కూడా. అలా చెబితే తిట్టయినా నాకు దక్కేది.

"నా పేరుతో వచ్చింది కాబట్టి నాదేనండీ" అన్నారాయన. "పురాణంలో లేదు. మధురలో కృష్ణుడు కన్నవాళ్ల ముందు నిలబడి, నా పసితనం మీకు చూపించలేకపోయాను, క్షమించండి అన్నాడని మాత్రం ఉంది. ఆ తల్లికి లోపల ఏమీ లేకపోతే ఆ కొడుకు క్షమాపణ ఎందుకు అడిగినట్టు?"

పెద్దమనిషి కూర్చున్నారు. తిట్టు కూడా ఆయన ఖాతాలోకే వెళ్లింది, దాన్ని కూడా ఆయన గౌరవంగా మార్చుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

అప్పుడు రేణుక స్తంభం పట్టుకుని లేచింది.

"అయ్యా, దేవకమ్మకు కడుపు మండిందని రాసిన్రు గదా. ఆ మంట దిష్టయి పిల్లగానికి తగిలిందా, తగులలేదా?"

ఎవరో నవ్వారు. రామానుజయ్యగారు నవ్వలేదు. కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకుంటూ ఆమెను చూశారు. ఆయన జవాబు వెతుక్కుంటున్నారని నాకు తెలిసింది. దొరక్కూడదని కోరుకున్నాను.

"తగిలే ఉంటుందమ్మా" అన్నారు చివరికి. సభ కదిలింది. "తగలదని నేను నీకు అబద్ధం చెప్పను. మనుషులన్నాక కన్ను తగులుతుంది. కానీ ఆ ఊళ్లో ఏం చేశారో చూడు. పూతన చచ్చిపడ్డాక గోపికలు పిల్లాణ్ణి తెచ్చి, ఆవుతోక తిప్పి దిష్టి తీశారు. గోధూళి రాశారు. ఎవరి దిష్టి అని ఎవరైనా అడిగారా? అడగలేదు. ఎవరిదైనా పోవాలి, అంతే." ఆగారు. మళ్లీ ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. "పూతన విషం పూసుకుని వచ్చింది. అయినా పాలిచ్చింది కదా అని దానికి కూడా తల్లి స్థానం ఇచ్చాడు. విషం తెచ్చినదాన్నే తల్లి అన్నవాడు, మంట ఉన్న తల్లిని కాదంటాడా? ఇంకొక్క మాట. దూరంగా కూర్చుంటే దిష్టి ఆగదు తల్లీ. దగ్గరికి వెళ్తే తీయించుకోవచ్చు."

పూతన గురించి మూడు వారాల ముందు రాసింది నేనే. పాలు, విషం, తల్లి స్థానం అన్నీ నా చేతుల్లోనే ఉన్నాయి. వాటిని తెచ్చి దేవకి పక్కన పెట్టాలని నాకు తట్టలేదు. నేను మంట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే నాకు కావలసింది అక్కడే ఉంది. అంతకుముందు ఆయన గొంతును చూసి అసూయపడ్డాను. ఆ సాయంత్రం ఆయన బుద్ధిని చూసి అసూయపడ్డాను. ఇది మొదటిదాని కంటే లోతుగా దిగింది.

బయటికి వచ్చేటప్పుడు, చెప్పులు వెతుక్కుంటూ ఆయన నా పక్కకు వచ్చారు. చాలా బాగా రాశారమ్మా అన్నారు. "కాకపోతే సగంలో లేచి వెళ్లిపోయారు" అన్నారు.

సోమవారం మధ్యాహ్నం రేణుక ఆఫీసుకు ఫోన్ చేసింది. వెళ్తున్నానని, తోడు రమ్మని. రెజిమెంటల్ బజార్‌లో స్టీలు దుకాణం పక్క మెట్లెక్కి మేం వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళ కావస్తోంది. సరళ తలుపు తీసింది. చెల్లెలిని పైనుంచి కింది దాకా చూసింది.

"తొవ్వ దొరికిందా? మార్కెట్ బంద్ వెట్టిన్రా ఏంది?"

"ముందుగల్ల దానికి దిష్టి తియ్యి" అంది రేణుక లోపలికి అడుగు పెట్టకుండానే. "నా దిష్టి. అది తీస్తేనే నేను గడప కాడ నిలవడ్త."

చెల్లెలు ఇన్నేళ్లూ ఎందుకు రాలేదో సరళకు అప్పుడు అర్థమైనట్టుంది. లోపలికి వెళ్లి పిడికిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చింది. నెమలీక పెట్టుకుని, మొలకు పసుపుగుడ్డ చుట్టుకుని చిన్ను వచ్చి నిలబడింది. సరళ దాని చుట్టూ చెయ్యి తిప్పి, కుంపట్లో నిప్పుల మీద వేసింది. మిరపకాయలు కాలినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు లెక్క. ఘాటుకు అందరం దగ్గడం మొదలుపెట్టాం. కింద దుకాణంలోంచి సరళ భర్త కూడా దగ్గుతూ, ఏందే అది అని కేకేశాడు.

"చూసినవా" అంది సరళ కళ్లు తుడుచుకుంటూ. "ఏం దిష్టి లేదు. ఉత్తగనే పరేషానైనవ్."

"మిర్చి మంచి రకమైతే గట్లనే ఉంటది" అంది రేణుక. అయినా ఆమె ముఖం తేలికపడింది.

సరళ నిప్పుల దగ్గర నుంచి లేవలేదు. ఇంకో పిడికెడు ఉప్పు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "ఇగ నాది తియ్యి" అంది.

"నీకెవరి దిష్టి ఉన్నది?"

"నా మీద కాదే. నాది, దాని మీద. అది నవ్వితే నీ నవ్వే. దుకాణానికొచ్చే ప్రతి ఆడిదీ, అచ్చం చెల్లెలి పోలికే గదా అంటది. ఒక్కరన్న నా లెక్క ఉందంటరా? జడేసేటప్పుడు అద్దంలో చూస్త. నువ్వే కూసున్నట్టుంటది. నాకు మండదా?"

రేణుక మిరపకాయలు కూడా తీసుకుని, చిన్ను చుట్టూ మళ్లీ తిప్పింది. ఈసారి అక్క దిష్టి. మళ్లీ అందరం దగ్గాం. అన్నిటికంటే గట్టిగా చిన్ను దగ్గింది. మీ ఇద్దరి దిష్టి అయిపోతే నాకు వెన్న పెడతారా అని అడిగింది.

రేణుక గడప బయట మోకాళ్ల మీద కూర్చుని, పళ్లెంలోని పిండిలో దాని పాదాలు ముంచి లోపలికి దించింది. దేవుడి ముందు నుంచి సరళ పిలిచింది. పిల్ల నాలుగడుగులు నడిచి, మిగతా దూరం పరిగెత్తింది. పరిగెత్తినచోట పాదాలు పాదాల్లా పడలేదు, ఒట్టి గీతలు పడ్డాయి. వాటిని ఎవరూ సరిచెయ్యలేదు. రేణుక చేతికి అంటిన పిండి కడుక్కోకుండా అవి చూస్తూ కూర్చుంది. ఆ ముఖంలో మంట లేదని నేను అనను. ఉంది. అయినా సరళ రమ్మంటే లేచి లోపలికి వెళ్లింది.

మర్నాడు ప్రభాకర్‌తో మాట్లాడాను. కాలమ్ కింద డెస్క్‌లో రాసినవారి పేరు కూడా వెయ్యాలన్నాను. పైవాళ్లను అడిగి వచ్చి, అలాంటి ఆనవాయితీ లేదన్నాడు. ఆనవాయితీ లేని మాట నిజమే. నేను రిటైరయ్యేదాకా ఆ పేజీలో పేరు రామానుజయ్యగారిదే. పని పద్ధతి మాత్రం ఒక్కటి మార్చాను. వ్యాసం పూర్తయ్యాక, పేజీకి పంపే ముందు, ఆయనకు ఫోన్ చేసి చివరి పేరా చదివి వినిపించేదాన్ని. ఆయన రెండు చేతులూ జోడించి తప్పించుకునే వీలు లేకుండా పోయింది. చాలాసార్లు ఆయన, ఇంకా ఉందమ్మా అనేవారు. ఆ ఇంకా ఉన్నది ఏమిటో చెప్పించుకుని రాసేదాన్ని. ప్రతిసారీ నాకు ముందే తట్టలేదే అని ఉక్రోషంగానే ఉండేది.

అసూయ పోయిందని చెప్పను. ఈ మధ్య కూడా ఆయన ప్రవచనం ఫోన్‌లో వింటూ, నా వాక్యం ఒకటి గుర్తుపట్టి ఆపేశాను. ఆ వారం నాకు నేర్పింది వృత్తికి సంబంధించిన సంగతి. కథలో ఎవరికి నొప్పి తగిలిందో అసూయతో రాసేవారు తొందరగా పట్టుకుంటారు. శీర్షిక, మొదటి పేరా వాళ్లకు అప్పగించవచ్చు. చివరి పేరా మాత్రం వాళ్లు ఇంకొకరికి చదివి వినిపించాలి.